మిస్ బ్లాజెట్ కాలి దెబ్బ

మిస్ హార్టెన్స్ బ్లాజెట్ ఎదుట ‘షన్’ అని ముగిసే పొడుగాటి మాట పలికితే ఆవిడ ఎడమ కాలు నేలని తంతుంది. తంతుందంటే ఏదో పాటకి తాళం వేసినట్టు కాదు. మోకాలు నడుం దాకా లేచి, మడమ ధనామని దిగుతుంది. అదీ మాట మొదట్లో కాదు, చివర్లోనూ కాదు, సరిగ్గా ఆ ‘షన్’కి ముందున్న ముక్క మీద. మనిషి చూస్తే పిడికెడంత ఉంటుంది. కాళ్లకి మాత్రం వాళ్ల నాన్న పశువుల కొట్టంలో వేసుకున్న బూట్లు. ఈస్ట్ హాస్కెల్ ఊళ్లో భూకంపాలు రావు. ఆ లోటు ఆవిడ తీరుస్తూ ఉండేది.

అమెరికాలో వెర్మాంట్ కొండల్లో ఉన్న ఆ ఊళ్లో సగం మందికి పైగా ఆవిడ నాలుగో తరగతిలో కూర్చుని లేచినవాళ్లే. ఆవిడ పాఠం ఒకటే.

“పొడుగు మాట చూసి జడుసుకోకండర్రా. అది పెద్ద కుక్క, అంతే. ముందు తోక పట్టుకోండి. ‘షన్’ తోక. మరి తోక ఊపే బలం కుక్కకి ఎక్కడుంటుంది?”

“తోక ముందున్న నడుంలో టీచర్!”

“కదా! బరువంతా అక్కడ వెయ్యండి. ముందున్న ముక్కలు వాటంతటవే నడిచొస్తాయి. ఏదీ, లేవండి. ట్రాన్స్... పోర్...”

“టే!” అని తరగతి మొత్తం ఒక్క కాలితో తొక్కేది. ‘షన్’ ఆ తర్వాత ఊపిరి వదిలినట్టు జారిపోయేది. కింది గదిలో ఒకటో తరగతి పిల్లల నెత్తిన సున్నం రాలేది. వాళ్లు మూడేళ్ల తర్వాత పైగదికి వచ్చేసరికి పాఠం సగం నెత్తిమీదుగానే ఎక్కి ఉండేది.

ఆ తరగతిలో చదివిన అందరిలోకీ బాగా చదివే పిల్లని తానేనని నోరీన్ తిబోకి గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే పెరిగింది, ఆ నమ్మకంతోనే ఊళ్లో పాల సంఘం ఆఫీసు నడుపుతోంది. “మన క్లాసులో నేను చదివితే టీచర్ నన్ను ఆపేదే కాదు, గుర్తుందా?” అని ఇప్పటికీ ఎవరో ఒకరిని అడుగుతుంది. గుర్తు లేకపోయినా అందరూ ఉందనేస్తారు, ఎందుకంటే పాల బిల్లులు ఆవిడే రాస్తుంది. పైగా మిస్ బ్లాజెట్ ఇంటి పక్క ఇల్లే నోరీన్‌ది. ఆ కాలి సంగతులు ఆవిడకి తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియవు.

మిస్ బ్లాజెట్ పిల్లి పేరు బిస్కట్. అది పొయ్యి పక్కన స్టూలు మీద పడుకుంటుంది. పొద్దున్నే రేడియోలో వాతావరణం మొదలవుతుంది. మంచు గురించో వాన గురించో చెబుతూ రేడియో ఆయన “ప్రెసిపిటేషన్” అనే మాట ఎత్తుకుని “ప్రె... సి...” అనగానే బిస్కట్ కళ్లు తెరుస్తుంది. “పి” దగ్గర లేచి నిలబడుతుంది. “టే” వచ్చేసరికి స్టూలు, దానిమీది పళ్లెం, పళ్లెంలోని చెంచా గాల్లో ఉంటాయి. పిల్లి మాత్రం అప్పటికే కిటికీలో ఉంటుంది.

“పాపం, రేడియో కట్టెయ్యొచ్చు కదా టీచర్,” అంది నోరీన్ ఒకరోజు.

“ఎందుకు? పిల్లి నేర్చుకుంటోంది,” అంది మిస్ బ్లాజెట్.

ఊరి పాస్టరు లైల్ హబ్బెల్ కొత్తగా వచ్చిన రోజుల్లో సంగతి తెలియక ప్రార్థన మధ్యలో “టెంప్టేషన్” అన్నాడు. మొదటి వరసలోంచి పేలిన చప్పుడుకి ఆయన చేతిలోని గ్లాసు జారింది. ఆ తర్వాత “సాల్వేషన్” అన్నాడు, వేదిక మీది కొవ్వొత్తులు ఆరిపోయాయి. అప్పట్నించీ ఆయన పొట్టి మాటలతో పొట్టి ప్రసంగాలు చేయడం మొదలుపెట్టాడు. జనానికి ఆయనంటే ఎంత ప్రేమ పుట్టిందంటే, పక్క ఊరి వాళ్లు కూడా ఇక్కడికే రావడం మొదలెట్టారు. ఈస్టరుకి మాత్రం “రిసరెక్షన్” అనక తప్పదు కదా. ఆరోజు ఆర్గన్ వాయించే ఆవిడ ముందే రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుంటుంది.

ఓట్ల కాలంలో ఒక సెనేటరు గారు వచ్చి ఊరి హాల్లో మాట్లాడారు. మంచి చదువుకున్న మనిషి, మాట మాటకీ ఒక తోక. “ఎడ్యుకేషన్!” అన్నారు. ధన్! “కన్సర్వేషన్!” ధన్! ఒక్క కాలు కాదు. ఒకసారి ఆవిడ దగ్గర చదివాక ఆ కాలు మన మాట వినదు. హాలంతా కలిసి తొక్కింది. ఆయన తన జన్మలో అంత ఆదరణ చూసి ఉండడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పావుగంటలో ముగించాల్సిన ఉపన్యాసం, భోజనాలు చల్లారిపోయేదాకా లాగాడు. వెళ్తూ వెళ్తూ “మీలాంటి ప్రజలు నాకు ఎక్కడా దొరకలేదు” అన్నాడు. ఓట్లు మాత్రం అవతలివాడికి పడ్డాయి. పాపం, ఆయనకి ఇప్పటికీ అర్థమై ఉండదు.

అంత తొక్కుడు తొక్కితే మోకాలు మాత్రం ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? నడవలేని స్థితి వచ్చాక నోరీనే ఆవిడని కారెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు కుర్రాడు. ఎదురుగా కుర్చీ వేసుకుని ఎక్స్‌రే ఫొటోలు చూశాడు.

“కుడి మోకాలు బంగారంలా ఉందండీ. ఎడమదే అరిగి పిండయిపోయింది. మీరు డాన్సు చేసేవారా?”

“నాలుగో తరగతి చెప్పేదాన్ని.”

“అయితే పిల్లల్ని తన్నేవారా?”

“ఛ! నేలని.”

డాక్టరు ఫొటోలు పక్కన పెట్టాడు. “సరే, భయపడాల్సిందేం లేదు. చిన్న ఆపరేషన్...”

బూటు వెళ్లి ఆయన మోకాలి చిప్ప మీద పడింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

“డాక్టర్ గారూ, దయచేసి ఆ మాట మళ్లీ అనకండి!” అంది నోరీన్.

“ఏ మాట? ఆపరేషనా?”

ఈసారి కుర్చీ గోడకి ఆనింది. మోకాలు మార్చారు. మార్చిన మోకాలు వారం తిరగకుండానే పని మొదలెట్టింది.

ఇంతవరకూ నవ్వుకునే విషయాలే. ఊరి సభ దగ్గరికి వచ్చేసరికే నోరీన్‌కి చిక్కొచ్చి పడింది.

మార్చి మొదటి మంగళవారం ఊరంతా పాత హాల్లో చేరుతుంది. ఆ ఏడాది ఊరికి ఏం కావాలో ఆరోజు చేతులెత్తి, నోరెత్తి తేలుస్తారు. ఆడవాళ్లు అల్లికలు, మగవాళ్లు సణుగుళ్లు, మధ్యాహ్నం అందరికీ ఉడికించిన చిక్కుడుగింజలు, పిండిలో పళ్లు కూరి కాల్చిన పైలు. సభ నడిపే పాత అధ్యక్షుడు చలి పడక ఫ్లోరిడాకి మకాం ఎత్తేయడంతో, ఈసారి అధ్యక్షులు బల్ల మీద కొట్టే చెక్క సుత్తి నోరీన్ చేతికి వచ్చింది. ఆ కుర్చీ మీద ఆవిడకి ఎన్నాళ్లుగానో ఆశ. పోయినేడు సభలో ఏమైందో ఆవిడ మర్చిపోలేదు. నాలుగో తరగతిలో తనతోపాటు చదివిన రోడ్ల ఫోర్మన్ మెర్విన్ లపాన్ తన నివేదిక చదువుతుంటే మిస్ బ్లాజెట్ తొక్కుడూ, దాంతో ఊరి తొక్కుడూ కలిసి, హాలుని వెచ్చబెట్టే పొయ్యి గొట్టం ఊడి మసంతా చిక్కుడుగింజల కుండలో పడింది. జిల్లా పత్రికలో ఫొటో కూడా వేశారు.

“నా సభ అలా ఉండదు,” అనుకుంది నోరీన్. సభకి వారం ముందు ఒక యాపిల్ పై చేసుకుని పక్కింటికి వెళ్లింది.

“టీచర్, మీతో ఒక మాట చెప్పాలి. కోపం తెచ్చుకోకూడదు.”

“పై తెచ్చావంటే కోపం వచ్చే మాటే అయ్యుంటుంది. చెప్పు.”

“ఈసారి సభలో కాలి చప్పుడు వద్దు. మీకే కాదు, అందరికీ. నేను రూలు పెడుతున్నాను. హాలు నేల కూడా పాతబడిపోయింది కదా.”

ఆవిడ రుసరుసలాడుతుందని నోరీన్ కాచుకుని కూర్చుంది. మిస్ బ్లాజెట్ పళ్లేన్ని తన ముందుకు లాక్కుంది. పై ముక్క కోసి, పిల్లికి కాస్త పెట్టి, అడిగింది.

“ఈసారి కూడా మెర్వినే చదువుతాడా?”

“చదవాలి కదండీ. అడిగేవాడే నిలబడి చదవాలని ఊరి కట్టు. మంచు తోసే లారీ కొత్తది కావాలంటున్నాడు. ఎందుకడిగారు?”

“ఊరికేనే. ఆ కాగితం నువ్వు చూశావా?”

“రాష్ట్రం వాళ్ల నమూనా ప్రకారం రాశారు. అన్నీ తోకలే.”

“అలాగా,” అంది మిస్ బ్లాజెట్. “సరేనమ్మా, సభ నీది. నేను తొక్కను.”

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అనుకోని నోరీన్, గెలిచిన సంతోషంతో ఇంటికి వెళ్లి రెండు పైలు చేసింది.

లారీ సంగతి నిజానికి చిన్నది కాదు. పాతదానికి తలుపు తాడుతో కట్టి ఉంటుంది. కింద చిల్లులోంచి రోడ్డు కనబడుతుంది. ఆ చలికాలమే అది కొండ మధ్యలో ఆగిపోతే, వెనకాల బడి బస్సూ, దాని వెనక పాల ట్యాంకరూ పొద్దంతా నిలబడిపోయాయి. పాలు పారబోసుకోవాల్సి వచ్చింది. మెర్విన్ ఊళ్లో అందరికీ చెప్పేశాడు. “ఈసారి లారీ రాకపోతే నేను మానేస్తా. మీ మంచు మీరే చెంచాలతో తోడుకోండి.” మెర్విన్ మానేస్తే ఆ కొండ రోడ్డుని ఎవరు తెరుస్తారో ఎవరికీ తెలియదు. అందరికంటే బాగా ఆ సంగతి తెలిసింది పాల సంఘం నోరీన్‌కే.

సభ రోజు వచ్చింది. నోరీన్ కుర్చీలో కూర్చుని సుత్తి కొట్టి, రూలు చదివింది. ఊరు కాస్త గొణిగింది. మూడో బెంచీలో మిస్ బ్లాజెట్ మాత్రం బుద్ధిగా కూర్చుని ఉంది. బూట్లు విప్పి తలుపు దగ్గర కోట్ల కింద పెట్టేసింది. కాళ్లకి ఉన్ని మేజోళ్లు. ఎందుకైనా మంచిదని ఎడమ కాలిని కుడి కాలి కింద ఇరికించి, రెండు చేతులతో బెంచీ పట్టుకుంది. నోరీన్‌కి కడుపు నిండిపోయింది.

గ్రంథాలయం పద్దు గడిచింది, శ్మశానం కంచె పద్దు గడిచింది. ఎక్కడా చప్పుడు లేదు. మెర్విన్ లేచాడు.

మెర్విన్ ఆరడుగుల మనిషి. ఇంజను విప్పి కళ్లు మూసుకుని బిగించగలడు. జనం ముందు కాగితం పట్టుకుంటే మాత్రం నాలుక తడబడుతుంది. గొంతు సర్దుకుని మొదలెట్టాడు.

“పాత లారీ... బ్లేడు... యొక్క డి... డిటీ...”

ఆగిపోయాడు. కాగితాన్ని దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరంగా పెట్టాడు.

“డిటె... డిరి...”

అలవాటు ప్రకారం జనం మూడో బెంచీ వైపు తిరిగారు. అక్కడినుంచి ఏమీ రాలేదు. మిస్ బ్లాజెట్ మొహం కందగడ్డలా ఎర్రబడి ఉంది. బెంచీ పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. అప్పుడు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పోయినేడు నవ్వినదీ వాళ్లే. కానీ పోయినేడు నవ్వింది మిస్ బ్లాజెట్‌ని చూసి. ఈసారి నవ్వడానికి మెర్విన్ తప్ప ఎవరూ లేరు.

మెర్విన్ చెవులు ఎర్రబడ్డాయి. కాగితం మడిచాడు.

“పోన్లెండి. నాకు లారీ వద్దు, ఏం వద్దు,” అని కూర్చోబోయాడు. అడిగినవాడు కూర్చుంటే ఆ అంశం ఆ ఏటికి పోయినట్టే. అదీ ఊరి కట్టే.

నోరీన్ కుర్చీలోంచి లేచిపోయింది. లారీ కోసం కొంత, కానీ లారీ కోసమే కాదు. ఇన్నేళ్ల సభలు ఆవిడ కళ్ల ముందు తిరిగాయి. ఆ కాలు ఎప్పుడూ మాట వచ్చాక పడేది కాదు, మాట రాకముందే పడేది. మెర్విన్ నోరు తెరిచి గాలి మింగుతున్నప్పుడు పడేది. ఊరు ఫక్కున టీచర్ని చూసి నవ్వుతుండగా, ఆ నవ్వుల మాటున మెర్విన్ మాటని దాటేసి అవతల ఒడ్డుకి చేరిపోయేవాడు. ఎవరూ చూసేవాళ్లు కాదు. ఇంత దగ్గరగా ఉండి తనకీ కనబడలేదు. నోరీన్‌కి సిగ్గేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది, ఎక్కువగా తన రూలు మీద.

“మెర్విన్! కూర్చోకు!” అని అరిచి సుత్తి ఎత్తింది.

టక్. టక్. టక్. టక్. నాలుగూ తేలిగ్గా, తలుపు తట్టినట్టు. ఐదోది బల్ల పగిలేలా.

ధనామ్!

“డి... టీ... రి... య... *రే*షన్!” అన్నాడు మెర్విన్. మాట బయటపడ్డాక తనే ఆశ్చర్యపోయాడు.

“తర్వాత చదువు!”

“రోడ్ల బోర్డు వారి... రి... క...”

టక్, టక్, టక్. ఈసారి నాలుగో దెబ్బకి సుత్తి ఒక్కటే లేదు. పాస్టరు హబ్బెల్ కాలు పడింది. గ్రంథాలయం ఆవిడది పడింది. కిసుక్కుమన్నవాళ్లది కూడా పడింది.

“రికమెన్*డే*షన్!”

ఇక ఆగితే ఒట్టు. “ట్రాన్స్‌పోర్*టే*షన్” దగ్గర కిటికీ అద్దాలు గలగలలాడాయి. “ఆథరై*జే*షన్” దగ్గర కోట్లు కొక్కేల నుంచి రాలాయి. చివరి మాట మెర్విన్ ఎవరి సాయమూ లేకుండా, సొంత కాలితో తొక్కి, గొంతెత్తి చదివాడు. పొయ్యి గొట్టం ఊడి చిక్కుడుగింజల కుండలో పడింది.

“కొత్త లారీకి అనుకూలమైన వాళ్లు?” అంది నోరీన్, మసి మబ్బులోంచి.

ఊరు ఒక్క గొంతుతో ఔనంది. కాదన్నవాడు ఒక్కడు కూడా లేడు. ఉన్నా దగ్గుతూ ఉండి ఉంటాడు.

అప్పుడు మూడో బెంచీలోంచి మిస్ బ్లాజెట్ మేజోళ్ల కాళ్లతో లేచి నిలబడి, చెయ్యెత్తింది.

“అధ్యక్షురాలికి ఒక మనవి. ఈ సభలో చప్పుడు చెయ్యకూడదని రూలుంది. అధ్యక్షురాలే దాన్ని తప్పారు.”

“రూలు రద్దయింది. కూర్చోండి టీచర్!”

“రద్దు చేయాలంటే ఎవరైనా ప్రతిపాదించాలి.”

“నేను ప్రతిపాదిస్తున్నా!” అన్నాడు మెర్విన్. ఆరోజు అతని నోరు ఇంక మూతపడలేదు. భోజనాల్లో కనబడిన ప్రతివాడికీ ఆ నివేదిక మొదట్నించీ చదివి వినిపించాడు.

సభ ముగిశాక హాలు వెనక వంటింట్లో మసి పట్టిన కుండ తోముతూ నోరీన్, పక్కన పళ్లేలు తుడుస్తూ మిస్ బ్లాజెట్ మిగిలారు.

“టీచర్, మీ కాలి సంగతి నాకు అర్థమైంది.”

“ఏం అర్థమైంది? అది అలవాటు. ముసలిదాన్ని.”

“అలవాటు కాదు. మెర్విన్ కోసం తొక్కేవారు.”

“అందరికీ తొక్కుతాను కదే. పాస్టరుకి తొక్కలేదా? రేడియోకి తొక్కలేదా? డాక్టరు కుర్రాడికి కూడా తొక్కాను, పాపం.”

“అదే అడుగుతున్నాను. అందరికీ ఎందుకు?”

మిస్ బ్లాజెట్ చేతిలో పళ్లేన్ని తుడిచిందే తుడిచింది.

“ఒక్కడికే తొక్కితే వాడికి రాదని ఊరందరికీ తెలిసిపోదూ? అందరికీ తొక్కితే నాకే పిచ్చనుకుంటారు. అనుకోనీ, నాకేం పోయింది? మోకాలేగా, కొత్తది ఇచ్చారు.”

నోరీన్ కుండ పక్కన పెట్టి, తడి చేతులతోనే ఆవిడని కావలించుకుంది. ఎంత మంచి మనిషి! ఇన్నాళ్లూ ఈవిడని చూసి ఎంత నవ్వింది తను!

“పాపం మెర్విన్! మన క్లాసులో కూడా వాడి కోసమేనా, గది గదంతా అంత తొక్కించేవారు? ఆ సున్నం రాలడమంతా?” అంది కళ్లు తుడుచుకుంటూ. “నేను చదివేటప్పుడైతే మీరు నన్ను ఆపేవారే కాదు.”

మిస్ బ్లాజెట్ ఆవిడని ఎగాదిగా చూసింది. పళ్లెం కింద పెట్టింది.

“మెర్విన్ చిన్నప్పుడు బాగానే చదివేవాడమ్మా. తర్వాతే పదిమందిలో నిలబడాలంటే బెదురు పట్టుకుంది,” అంది. “క్లాసులో తొక్కిందంతా నీ కోసం.”

మిస్ బ్లాజెట్ ఆవిడ భుజం తట్టి, కోట్ల కింద వెతికి, బూట్లు తొడుక్కుంది.

“పాత మోకాలు పూర్తిగా నీదే,” అంది.